గున్నమ్మ ఎండుచేపల ఫైలు

తెలుగులో కట్టేయడమంత నమ్మకూడని మాట ఇంకోటి లేదు. ఆవునూ కట్టేస్తాం, మూటనీ కట్టేస్తాం, తిరుగుతున్న ఫ్యానునీ మండుతున్న పొయ్యినీ కూడా కట్టేస్తాం. ఈ సంగతి రాజాం ఝాన్సీకి ముప్పై ఎనిమిదేళ్ళు నిండాక గానీ తెలిసిరాలేదు. తెలిసొచ్చేసరికి, ఎవరి కంటా పడనివ్వనని ఆమె మాటిచ్చిన ఒక కాగితం గోనెసంచిలో కూర్చుని వంద కిలోమీటర్ల అవతల సముద్రపొడ్డుకి వెళ్ళిపోయింది.

ఝాన్సీది రాజాం బస్టాండు వెనక టైపింగూ జిరాక్సూ షాపు. పన్నెండేళ్ళుగా ఎన్ని అర్జీలు, ఎన్ని అఫిడవిట్లు, ఎన్ని శుభలేఖలు ఆ రేకుల గదిలోంచి బయటికొచ్చాయో లెక్కలేదు. ఎవరికి ఎవరితో పడటంలేదో పోలీసు స్టేషను కంటే ముందు ఆమెకే తెలిసేది. మనిషి మాత్రం ఒకచోట కాలు నిలవనిది. నిద్రలో కూడా దుప్పటి మీద టైపు కొడుతుందని మొగుడు గోపి ఆటపట్టిస్తుంటాడు. 2017 మే నెలలో భవనం పడగొట్టి లాడ్జి కట్టుకుంటానని యజమాని షాపు ఖాళీ చేయమన్నాడు. సరిగ్గా అప్పుడే శ్రీకాకుళంలో కాంట్రాక్టు ఆపరేటరు ఉద్యోగానికి ఆమె పేరు జాబితాలోకెక్కింది. పోతే పోయిందిలే షాపు అనుకుంది.

షాపులో రెండు కంప్యూటర్లున్నాయి. వాటిని ఎవరికైనా ఇచ్చేముందు లోపలి డిస్కులు ఊడదీసి పగలగొట్టాలని, రిపేర్లు చేసే వెంకీ నెల్లాళ్ళుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తున్నాడు. శుక్రవారం తనే వచ్చి ఆ పని కానిస్తానన్నాడు. గురువారం పొద్దున్న సర్టిఫికెట్లు చూపించడానికి ఝాన్సీ శ్రీకాకుళం బయల్దేరింది. కావలసిన ఫైళ్ళు పెన్‌డ్రైవులోకి ఎక్కుతుంటే ఎక్కనిచ్చి, తాళాలు గోపి చేతిలో పడేసి, బస్సు వెనక పరిగెత్తింది. పొందూరు దాటాక గుర్తొచ్చింది, రెండు కంప్యూటర్లూ నడుస్తూనే ఉన్నాయని. బయట నిప్పులు చెరుగుతున్న ఎండ, పైన రేకులు, లోపల రెండు ముసలి యంత్రాలు. అక్కడ పొగ లేచినట్టే ఆమెకి అనిపించింది. వెంటనే ఫోన్ చేసింది.

"బావా, కంప్యూటర్లు రెండూ కట్టీసి షాపు మూసీ."

గోపి అలాగేనన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఎందుకడుగుతాడు? ఇరవై ఏళ్ళుగా ధాన్యం బస్తాలు కట్టిన చెయ్యి. ఖాళీ చేస్తున్న షాపు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి బల్లలూ జిరాక్సు మిషనూ పట్టుకుపోతున్నారు. అలాంటి పూట పెళ్ళాం ఫోన్ చేసి కట్టేయమంటే ఎవరైనా తాడు వెతుక్కుంటారు గానీ స్విచ్చు వెతుక్కోరు. నడుస్తున్నవాటిని నడుస్తున్నట్టే వైర్లు పీకి, రెండింటినీ గోనెసంచుల్లో దించి, దబ్బనంతో మూతులు కుట్టేశాడు. కుట్టు చూసుకుని మురిసిపోయాడు కూడా.

సాయంత్రం ఝాన్సీ ఇంటికొచ్చేసరికి వంటింట్లోంచి ఎండు నెత్తళ్ళ చేపలు వేగుతున్న వాసన. గోపి పొయ్యి దగ్గరే ఉన్నాడు. ఎక్కడివని అడిగితే, భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే గున్నమ్మ ఇచ్చిందన్నాడు. సంత రోజు కదా, ఎప్పట్లాగే షాపు నీడలో గంప దించుకుందట. మూటలేమిటని అడిగిందట. మనవరాలు ఇంటర్ అయిపోయి కంప్యూటర్ చదువు చదువుతానంటోందని, పాతదైనా ఒకటి ఉంటే పిల్ల చెయ్యి తిరుగుతుందని అందట. ఎలాగూ ఎవరో ఒకరికి ఇచ్చేదే కదా అని రెండింట్లో పాతదాన్ని, టీవీలాంటి దాని తెరతో సహా, ఆమె వచ్చిన వ్యానులోకి ఎక్కించాడట. డబ్బులొద్దంటే తట్టెడు నెత్తళ్ళు కుమ్మరించి పోయిందట.

ఝాన్సీ చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. అది ఎక్కడ పెట్టాలో ఆమెకి తోచలేదు.

"పాతదా?" అంది. "పాతదేటి బావా ఇచ్చీసావు?"

"నువ్వే కదా కట్టీమన్నావు."

"కట్టీమంటే ఆపీమని."

"ఆపీమంటే ఆపీసుందును," అన్నాడు గోపి, గరిటె పట్టుకుని. ఆయన మాటలో తప్పేమీ లేదు. అందుకే ఆమెకి ఇంకా మండింది.

ఆ పాత డబ్బాలో ఏముందో చెప్పాలంటే మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఇలాంటి ఎండల్లోనే ఒక సంత రోజున, అంతవరకూ గుమ్మం అవతలే కూర్చునే గున్నమ్మ గంప వదిలేసి లోపలికి వచ్చింది. వచ్చి తలుపు దగ్గరగా వేసింది. పేరు లేని కాగితం రాయాలంది. అంటే ఆకాశరామన్న ఉత్తరం. ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా, మీ వైపు టెక్కలిలో టైపు షాపులు లేవా అని అడిగితే, అక్కడ అందరూ తెలిసినవాళ్ళేనంది.

గున్నమ్మ కొడుకు ఎల్లాజీకి ఒక్కతే కూతురు, దేవి. తల్లి లేని పిల్ల. తల్లి పోయే ముందు, పిల్లని తన తమ్ముడు శివాజీకే ఇస్తానని ఎల్లాజీ చేత మాట తీసుకుంది. తీసుకున్నావిడ పోయింది, మాట మాత్రం మిగిలింది. దేవికి పద్నాలుగేళ్ళు, శివాజీకి ముప్పై. ముహూర్తం పెట్టేశారు. గున్నమ్మ ఊరందరి ముందూ తనకీ ఇష్టమేనని చెప్పింది. ఆపమని కాళ్ళు పట్టుకున్న మనవరాలిని నోరు ముయ్యమని కసిరింది కూడా. కాదంటే రేపు ఏది జరిగినా అందరి వేళ్ళూ తనవైపే తిరుగుతాయని ఆమెకి తెలుసు.

ఆ రోజు గంటసేపు, ఆఫీసరు బాబే ఎదురుగా ఉన్నట్టు, ఎక్కడా ఆగకుండా చెప్పింది. ఝాన్సీ వినపడింది వినపడినట్టు టైపు కొట్టుకుంటూ పోయింది. తర్వాత అందులోంచి ఆఫీసువాళ్ళకి పనికొచ్చే పది వాక్యాలు ఏరి, కింద ఆకాశరామన్న అని పెట్టి, ఆ పదే అచ్చుతీసి కవరులో పెట్టింది. మిగతాదంతా, అంటే గున్నమ్మ ఏడుపూ తిట్లూ పిల్ల ముచ్చట్లూ, డబ్బాలోనే ఉండిపోయింది. ఉండిపోతే ఉండిపోయింది, పేరు పెట్టడం చూడండి. మొన్నటిదే మళ్ళీ కావాలని వచ్చేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఏ కాగితానికైనా మనిషి పేరూ, పనీ, ఊరూ పెట్టి దాచడం ఝాన్సీ అలవాటు. చెయ్యి తనపాటికి తాను కొట్టేసింది: గున్నమ్మ ఎండుచేపలు భావనపాడు. ఆకాశరామన్నకి ఊరూ పేరూ కట్టబెట్టిన మహాతల్లి ఈ జిల్లాల్లో ఝాన్సీ ఒక్కతే అయ్యుంటుంది.

అధికారులు వచ్చి పెళ్ళి ఆపించారు. శివాజీ వాళ్ళు తెగతెంపులు చేసుకుని వేరే చోట సంబంధం చూసుకున్నారు. పదిమందిలో తల వంచుకోవలసి వచ్చిన ఎల్లాజీ, ఊరి పెద్దల ముందు మోకాలి లోతు సముద్రంలో నిలబడి, అరచేతిలో కర్పూరం వెలిగించి గంగమ్మ తల్లి మీద ఒట్టేశాడు. ఆ కాగితం రాయించినవాళ్ళు ఎవరైనా సరే తన గడప తొక్కకూడదు, తెలిసీ తొక్కనిస్తే తన పడవ తిరిగి ఒడ్డుకి రాకూడదు. ఆ పెద్దల వెనక నిలబడి గున్నమ్మ కూడా విన్నది. తర్వాతి సంతకి వచ్చి ఝాన్సీ చెయ్యి పట్టుకుంది. కాగితం సచ్చిపోయిందా అమ్మా అని అడిగింది. చచ్చిపోయిందమ్మా అంది ఝాన్సీ. సాయంత్రం తీసేద్దామని నిజంగానే అనుకుంది. సాయంత్రం కరెంటు పోయింది. మర్నాడు శుభలేఖల పని పడింది. ఆ తర్వాత మూడేళ్ళు గడిచిపోయాయి.

ఇప్పుడా డబ్బా సరాసరి ఎల్లాజీ ఇంట్లోకి వెళ్ళి కూర్చుంది. మోసుకెళ్ళింది గున్నమ్మే.

ఝాన్సీ గోపికి అంతా చెప్పేసింది. ఆయన గరిటె పక్కన పెట్టాడు. ఆ ముసలమ్మ రోడ్డున పడుతుందేమో అన్నాడు. ఆ మాట ఆయన నోట వినేదాకా ఆమె దాన్ని తనలో తాను అనుకోవడానికి కూడా ధైర్యం చేయలేదు. వెంకీకి ఫోన్ చేసింది. గున్నమ్మకి ఫోన్ లేదు, ఎల్లాజీ నంబరు తెలియదు. ఎలాగోలా నంబరు సంపాదించి ఆ పిల్ల చేతే ఫైలు తీయించేస్తే సరిపోదా అని అడిగింది. వెంకీ పడీపడీ నవ్వి, ఆమె నవ్వడం లేదని గ్రహించి ఆపాడు.

ఫైలు తీసేయడమంటే పుస్తకం ముందు ఉండే విషయసూచికలో ఒక పేరు కొట్టేయడమేనట. లోపలి పేజీలు ఎక్కడివక్కడే ఉంటాయట. తెలిసినవాడు వెతికితే బయటికొస్తాయట. పైగా దేనిని తీయాలో ఆ పిల్లకి చెప్తే, తీసేముందు చదవకుండా ఉంటుందా? డిస్కే తెచ్చుకోవాలన్నాడు. తన దగ్గరున్న ఖాళీ డిస్కులో కావలసినవన్నీ ఎక్కించి, ఒక చిన్న స్క్రూడ్రైవరుతో పాటు ఆ రాత్రే తెచ్చి ఇచ్చాడు. పాతది పాడైపోతుంది, మంచిది వేస్తానని చెప్పమన్నాడు.

"ముందు పద్ధతిగా షట్‌డౌన్ సెయ్యండి. దీపం ఆరేక ప్లగ్గు పీకండి. పక్క రేకు ఇప్పితే రెండు వైర్లు, నాలుగు స్క్రూలు, అంతే. బయటికొచ్చేక ఊరికే నేలకేసి కొడితే సాల్దు. లోపల పళ్ళేలుంటాయి, అద్దంలా మెరుస్తాయి. అవి బెజ్జాలు పడిపోవాల."

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. గోపి దుప్పటి మీద టైపు చప్పుడు వింటూ పడుకున్నాడు.

తెల్లవారి మొదటి బస్సుకే బయల్దేరింది. శ్రీకాకుళంలో దిగి టెక్కలి బస్సు, టెక్కలిలో దిగి ఆటో. బస్సులో మూడు సీట్లు మారింది. కిటికీ పక్కన ఎండ అంది, వెనక కుదుపు అంది, ముందు ఇంజను వేడి అంది. పక్కన కూర్చున్నావిడ, పెద్దాసుపత్రికేటమ్మా అని జాలిగా అడిగింది. కాదంటే నమ్మలేదు. పిల్ల ఆ డబ్బా ఇంకా తెరిచి ఉండదు అనుకునేది ఝాన్సీ. టీవీకి వైరు ఎటు పెట్టాలో తెలియదు అనుకునేది. మరుక్షణమే, ఇంటర్ చదివిన పిల్లకి తెలియకపోవడమేమిటి అనుకునేది. తను వెళ్ళేసరికి గున్నమ్మ మూట సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంటుందేమోనని భయం. నౌపడ దాటి ఉప్పుమడుల మధ్య ఆటో వెళ్తుంటే ఆ తెల్లదనానికి కళ్ళు మూతలు పడ్డాయి గానీ మనసు కుదురుగా లేదు.

భావనపాడులో ఎల్లాజీ ఇల్లు ఎవరినడిగినా చూపించారు. వేట నిషేధం నెలలు కాబట్టి మగవాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు. ఎల్లాజీ వాకిట్లో పందిరి కింద వల బాగుచేసుకుంటున్నాడు. పెద్ద చేతుల మనిషి. ఆ పక్కన ఇసుకలో పరచిన చాపల మీద గున్నమ్మ నెత్తళ్ళు తిరగేస్తోంది. ఝాన్సీని చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి. ముఖం పాలిపోయింది. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పకుండానే ఆమెకి సగం అర్థమైపోయింది. మూడేళ్ళుగా ఆ ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్కటే విషయం మరి.

ఝాన్సీ వెంకీ నేర్పిన మాటలు అప్పగించింది. ఎల్లాజీ ఎంత సంతోషించాడంటే, ఆమెకి సిగ్గేసింది. ఊరకే ఇచ్చిందే ఎక్కువ, మళ్ళీ ఇంత దూరం వచ్చి బాగుచేసి ఇస్తారా అన్నాడు. లేచి మంచం వాల్చాడు, కొబ్బరిబోండం కొట్టించాడు. నిన్న అది వచ్చిందగ్గర్నుంచీ పిల్ల దాన్ని వదలలేదని, తెల్లారేదాకా దాని ముందే కూర్చుందని, తనని కూడా దగ్గరికి రానివ్వలేదని చెప్పాడు. తను అయిదు దాకా చదివాడట, తెలుగు కూడబలుక్కుంటాడట. పంచాయతీ ఆఫీసు గణపతిరావుకి కంప్యూటరు బాగా తెలుసని, సాయంత్రం వచ్చి లోపల ఏమేమున్నాయో అన్నీ చూసి పెడతానన్నాడని కూడా చెప్పాడు. గణపతిరావు మూడేళ్ళ కిందట ఎల్లాజీ ఒట్టుకి సాక్షిగా నిలబడిన పెద్దల్లో ఒకడు. ఝాన్సీ బోండం సగంలోనే దించి లేచింది.

లోపలి గదిలో దేవి ఒక్కతే ఉంది. పదిహేడేళ్ళ పిల్ల, తండ్రి చేతులే వచ్చాయి. కొత్తగా వేసిన జడ. కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి. ఝాన్సీ లోపలికి రాగానే లేచి తలుపు దగ్గరగా వేసింది.

"మీరు దేనికొచ్చారో నాకు తెలుసు మేడమ్," అంది మెల్లగా. "రాకపోతే బాగుణ్ణనుకున్నాను."

ఝాన్సీ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. దేవి చెప్పింది. మూట విప్పి వైర్లు పెట్టి తెరవగానే ముందర వరసగా పేర్లు కనిపించాయట. సోములు పాస్‌బుక్కు, జగ్గమ్మ పింఛను, అలా వందల పేర్లు. అందులో నానమ్మ పేరు. చేపలమ్ముకునే మనిషి కంప్యూటర్లో ఏం రాయించుకుందా అని నవ్వుకుంటూ తెరిచిందట. పెళ్ళి మాట వచ్చిన రోజు నుంచి ఆమెని నానమ్మా అని పిలవడం మానేసింది దేవి. అది, ఆ మనిషి, ముసల్ది అనేది. ఆమె చేత్తో పెట్టిన ముద్ద తినలేదు. పెళ్ళి ఆపించిన పుణ్యాత్ములెవరో గానీ, సొంత మనిషి మాత్రం తనని తోసేసిందని మూడేళ్ళూ నమ్మింది. గున్నమ్మ ఒక్కసారి కూడా కాదని చెప్పలేదు.

"ఆఫీసుకి ఎల్లిన కాగితంలో అది ఉందో లేదో నాకు తెలీదు గానీ," అంది దేవి, "ఇందులో ఉంది. ‘ఆ పిల్ల నాను సచ్చేదాకా నన్ను తిట్టుకున్నా పరవానేదు బాబూ, బడికెల్తే సాలు.’ ఆ మాటలు మీరే కొట్టేరా మేడమ్?"

కొట్టానని తలూపింది ఝాన్సీ. పది వాక్యాల్లోకి పనికిరాదని ఆ మాట తనే తీసేసింది. 

దేవి ఆ డిస్కు ఇవ్వనంది. తనకి నానమ్మ మిగిలింది ఆ డబ్బాలోనే అంది. ఝాన్సీ బతిమాలింది. తండ్రి ఒట్టు గుర్తుచేసింది. సాయంత్రం గణపతిరావు వస్తాడని, వచ్చి చూస్తే ఎల్లాజీ ముందు రెండే దారులుంటాయని, తల్లిని గెంటడమా లేక పడవ ఎక్కే ప్రతిసారీ చావు భయంతో ఎక్కడమా అని చెప్పింది. ఫైలు ఒక్కటే తీసేస్తే ఎందుకు సరిపోదో వెంకీ చెప్పినట్టే చెప్పింది. ఫోన్లో ఫొటో ఏమైనా తీశావా అని అడిగింది. ఫోను నాన్నదంది దేవి. పుస్తకంలో రాసుకుంటే పుస్తకం దొరుకుతుందని రాసుకోలేదంది. గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. పరీక్షకి ముందు పిల్లలు మననం చేసుకుంటారే, అలా. తిరిగి వచ్చి తనే మౌసు పట్టుకుంది. షట్‌డౌన్ నొక్కింది. తెర ఆరిపోయింది. డబ్బా మీది పచ్చదీపం కూడా ఆరేదాకా ఇద్దరూ చూశారు.

"నాకు మొత్తం నోటికొచ్చీసింది. ఇంక ఇప్పీండి," అంది. "కానీ నాను సదివినట్టు నానమ్మకి సెప్పకండి. తెలిస్తే నాన్న ముందర నన్ను సూసి ఒణుకుతాది. నాకు ఉద్యోగం వచ్చేక, నానమ్మని నాతో తీసుకెల్లిపోయేక, అప్పుడు నానే సెప్తాను."

ఝాన్సీ సరేనంది. ఆ పిల్ల కళ్ళలోకి చూసి మరీ మాటిచ్చింది. నాలుగు స్క్రూలూ విప్పి పాత డిస్కు బయటికి లాగింది. కొత్త డిస్కు బిగించాక పాతదాన్ని చీర కొంగులో చుట్టుకుని బయటికొచ్చింది. దార్లో ఎక్కడైనా పగలగొట్టుకుందామనుకుంది. ఎల్లాజీ పోనిస్తేనా? చేతిలో అదేమిటన్నాడు. పాతది, ఇందులో పదిమంది కాగితాలున్నాయి, పగలగొట్టెయ్యాలి అందామె. అంతే, పందిరి గుంజ పక్కనుంచి సుత్తీ ఉలీ అందుకున్నాడు. మీ ఆడవాళ్ళ వల్ల ఏమవుతుంది, ఇటివ్వండన్నాడు. ఇవ్వకపోతే అనుమానం. ఇచ్చింది.

పడవ కట్టే రాతి మీద పెట్టి మొదటి దెబ్బ వేశాడు. పైరేకు సొట్టపోయింది. రెండో దెబ్బకి ఊడింది. లోపలి పళ్ళెం ఎండకి తళుక్కుమంది. ఎల్లాజీ అందులో తన ముఖం చూసుకుని మీసం సవరించుకున్నాడు. గున్నమ్మ నెత్తళ్ళ మీద వంగి, తిరగేసినవాటినే మళ్ళీ తిరగేస్తోంది. దేవి గుమ్మంలో నిలబడింది.

"మంచి పని సేస్తన్నారమ్మా," అన్నాడు ఎల్లాజీ, ఉలి పళ్ళెం మీద ఆనించి. "ఒకలి గుట్టు ఇంకొకలికి ఎందుకు తెలియాల? మా ఇంటి మీదకి ఓ ఆకాశరామన్న కాగితం వచ్చింది లెండి, మూడేళ్ళయింది. అదీ ఇలాటి డబ్బాలోంచే వచ్చుంటాది. ఆ డబ్బా నా సేతికి దొరకాల్సింది."

సుత్తి దిగింది. పళ్ళెంలో బెజ్జం పడింది. ఇంకో రెండు బెజ్జాలు పొడవమంది ఝాన్సీ. ఎల్లాజీ పనిమంతుడు. రెండు కాదు, ఎనిమిది బెజ్జాలు పొడిచాడు. ఆ తర్వాత పళ్ళేలు వంకరతిప్పి, తృప్తిగా ఆమె సంచిలో వేసి, తినకుండా వెళ్ళడానికి వీల్లేదన్నాడు. అన్నం వడ్డించింది దేవి. నాలుగో కంచం పెట్టి, నువ్వూ రా అని వాకిట్లోకి పిలిచింది. ఎవరినని ఎల్లాజీ తలెత్తి చూశాడు. గున్నమ్మ తననే అని నమ్మలేక, చేతులు చీరకి తుడుచుకుంటూ మెల్లగా వచ్చి కూర్చుంది.

తిన్నాక, ఆటో దాకా దిగబెట్టి వస్తానని గున్నమ్మ ఝాన్సీతో బయల్దేరింది. ఇళ్ళు దాటాయి, సరుగుడు చెట్లు వచ్చాయి. కాలే ఇసుకలో ముసలమ్మ చెప్పులు లేకుండా నడుస్తుంటే ఝాన్సీ చెప్పులతో కూడా గెంతుతోంది.

"ఈసారైనా సచ్చిపోయిందా అమ్మా?" అంది గున్నమ్మ.

"సచ్చిపోయింది. నీ కొడుకే సంపేడు. తప్పు నాదేనమ్మా, ఆ రోజు తీసీసేనని అబద్ధం సెప్పేను."

"ఎవరూ సూడనేదు గదా?" అని అడిగింది గున్నమ్మ.

"లేదు," అంది ఝాన్సీ. మాటిచ్చింది కదా మరి.

మంచిదేనంది గున్నమ్మ. ఆటో కనబడుతోంది. ఎక్కేవాళ్ళ కోసం డ్రైవరు ఇంజను ఆపకుండా హారను మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఝాన్సీ ఒక కాలు లోపల పెట్టింది. గున్నమ్మ ఆటో కడ్డీ పట్టుకుని, సముద్రం వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"ఒక్కలైనా సూసుంటే బాగుణ్ణు."

ఝాన్సీ కూర్చోబోయింది. కూర్చోలేకపోయింది. పదిమంది చెప్పింది విని దాచడమే పన్నెండేళ్ళుగా ఆమె చేసిన పని. ఇంకొక్కటి దాచడం ఒక లెక్కా? కానీ ఈ మనిషికి డెబ్బై దాటాయి. ఆ పిల్ల చదువెప్పుడయ్యేను, ఉద్యోగమెప్పుడొచ్చేను? మాట తప్పుతున్నందుకు ఆమెకి భయమేసింది. తప్పకుండా వెళ్ళిపోతే జీవితంలో మళ్ళీ నిద్ర పట్టదనీ అనిపించింది. కాలు వెనక్కి తీసుకుని కిందికి దిగింది.

"సూసిందమ్మా. దేవి సూసింది," అంది. "మొత్తం నోటికొచ్చు దానికి. నువ్వు బాబూ అని ఎక్కడెక్కడ ఏడిసేవో అది కూడా వచ్చు. నీకు సెప్పొద్దంది. నానే ఉండలేకపోయేను. నీకు తెలిసినట్టు దానికి తెలీనీకు."

గున్నమ్మ కడ్డీ వదల్లేదు. డ్రైవరు ఒకసారి హారను కొట్టి, ఆమె ముఖం చూసి ఇంజను కట్టేశాడు.

"అందుకా," అంది గున్నమ్మ. "పొద్దున్న దువ్వెన అట్టుకొచ్చి నా ముందర కూకుంది. మూడేళ్ళయింది ఆ తల నా సేతికిచ్చి. ఎందుకే అని అడగనేదమ్మా నాను. అడిగితే లేసెల్లిపోతాదని."